నాయన తప్పు పిలిచిన పొద్దు

మా నాయనకు వచ్చిన విద్య ఒక్కటే, జడకోలాటం. దాంతో కడుపు నిండేది కాదు. నాలుగెకరాల వేరుశనగ చేను ఉండేది. వాన పడితే అది తిండి పెట్టేది, పడకపోతే అమ్మ నాయనను తిట్టేది, నాయన ఆకాశాన్ని తిట్టేవాడు. కానీ జమ్మలమడుగు నుంచి పులివెందుల దాకా ఏ ఊళ్లో తిరునాల తలపెట్టినా ముందు మా ఇంటికే మనిషి వచ్చేవాడు, గురువును పిలుచుకుపోవడానికి. నాయన నలభై దినాలు ఆ ఊళ్లో ఉండి నేర్పించి, ఒక కొత్త పంచె, రెండు మూటల జొన్నలతో తిరిగొచ్చేవాడు.

చూడనివాళ్లకు చెప్తాను. ఎత్తుగా నాటిన గుంజల మీద అడ్డదూలం కట్టి, దాని నడుమ నుంచి పదహారు తాళ్లు వేలాడదీస్తారు. పదహారు మంది గుండ్రంగా నిలబడి తలా ఒక తాడు ఎడమ మణికట్టుకు ఉచ్చు వేసుకుంటారు. కుడిచేతిలో కోల. ఎనిమిది మంది కుడికి, ఎనిమిది మంది ఎడమకు తిరుగుతూ, ఎదురొచ్చిన మనిషిని ఒకసారి లోపలి నుంచి, ఇంకోసారి బయటి నుంచి దాటుకుంటూ పోవాలి. దాటేటప్పుడల్లా కోలకు కోల తాకాలి. అట్లా తిరిగేకొద్దీ పైన తాళ్లన్నీ ఆడపిల్ల జడ మాదిరి అల్లుకుంటూ కిందికి దిగుతాయి. జడ మనిషెత్తుకు వచ్చాక గురువు "తిరుగు" అని పిలుస్తాడు. అందరూ ఒక్కసారే వెనక్కి తిరిగి వచ్చిన దారినే పోతే జడ విడిపోతుంది. అల్లడానికి పది దినాలు చాలు, విప్పడానికి ఇంకో నెల నేర్చుకోవాలి అనేవాడు నాయన.

మా ఊళ్లో ఇంకొక కట్టుబాటు ఉండేది. ఆ తాళ్ల నూలు ఇంటింటి నుంచి వస్తుంది, పెద్దమ్మ గుడిలో పూజ చేసి పేనుతారు. జడ మొత్తం విడిపోకముందే ఎవరు ఉచ్చు తీసినా, ఎవరు తాడు కోసినా వాళ్ల ఇంటికి కీడు. మా ఊళ్లో వేటకొడవలి పట్టిన మగోళ్లను చూశాను, నాటుబాంబులు చుట్టిన మగోళ్లను చూశాను, ఆ తాడు వదిలే ధైర్యమున్న మగోణ్ణి మాత్రం చూడలేదు.

ఈ అడుగులు, ఈ పిలుపులు ఏ పుస్తకంలోనూ లేవు. నాయనకు వాళ్ల మేనమామ నేర్పించి చనిపోయాడు. ఆ తర్వాత అదంతా నాయన తలలోనే ఉంది. ఆయనకు కాస్త జ్వరం వస్తే నాకు రెండు భయాలు పట్టుకునేవి.

మా ఊరికి రెండు వీధులు, రెండు పార్టీలు. ఎన్నికల్లో జెండాలు మారేవి, నాయకులు అటువాళ్లు ఇటు, ఇటువాళ్లు అటు మారేవాళ్లు. మీది వీధి, కింది వీధి మాత్రం మారలేదు. మా ఇల్లు మీది వీధిలో ఉంది కాబట్టి మేము మీది వీధి పార్టీ. మమ్మల్ని ఎవరూ అడగలేదు, మేమూ కాదనలేదు. కాదంటే ఎక్కడ బతుకుతాము? ఒక ఎన్నికల తర్వాత కింది వీధి మనిషి ఒకడు కత్తివేటుకు పడిపోయాడు, ఆ ఏడాదే మీది వీధిలో ఒకడు. అంతటితో మూడేండ్లు తిరునాల ఆగిపోయింది. ఎందుకంటే జడలో కుడిజట్టు ఎనిమిది మంది మీది వీధివాళ్లు, ఎడమజట్టు ఎనిమిది మంది కింది వీధివాళ్లు. తాతల నాటి నుంచి అదే లెక్క. సగం మందితో జడ పడదు.

అప్పుడు నాకు పదహారేండ్లు. ఆ ఏడాది పెద్ద మనుషులు కూర్చొని రాజీ చేసుకున్నారు. రాజీకి గుర్తుగా పెద్దమ్మ తిరునాల, తిరునాలలో జడ. నాయన ముఖం వెలిగిపోయింది. అమ్మ మాత్రం పొయ్యి ముందు నుంచి లేవకుండానే అంది:

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. వాళ్లు కత్తులు దాచిపెట్టినారే గానీ పారేసినారా? నడిమధ్యన నువ్వు పోయి నిలబడతావా?"

"గురువుకు పార్టీ యాడిదే?"

"నీకు లేదులే. వాళ్లకుండాది గదా!"

రాజీ అయితే అయింది గానీ, నేర్చుకునేటప్పుడు ఒకచోట నిలబడటానికి రెండు వీధులూ ఒప్పుకోలేదు. తిరునాల రోజు సరే, అంతవరకు ఎవరి కళ్లంలో వాళ్లు అన్నారు. దాంతో పొద్దున మీది వీధివాళ్లకు, సాయంత్రం కింది వీధివాళ్లకు. అవతలి ఎనిమిది మందికి బదులు నాయన మా ఇంటి కుండలు బోర్లించి పెట్టేవాడు. కుడిజట్టు కుండల చుట్టూ తిరిగి కుండలను కోలతో తాకి వచ్చేది. రెండు కుండలు పగిలాయి కూడా. అమ్మ ఊరుకుంటుందా, రెండు పార్టీలనూ కలిపి తిట్టింది. కుండలు మోసేది నేనే కాబట్టి రెండు జట్ల అడుగులూ నాకు వచ్చేశాయి. ఆడపిల్లకు ఏం లాభం? ఆ కాలంలో మా ఊళ్లో ఆడవాళ్లు జడ పట్టేది లేదు.

తాళ్ల రంగు దగ్గర ఇంకో పంచాయతీ. వెనకటి నుంచి నాలుగు రంగులు వేసేవాళ్లు, ఏ తాడు ఎవరిదో తెలియడానికి. ఈసారి ఒక రంగు చూసి ఒక వీధి ఇది వాళ్ల పార్టీ జెండా అంది, ఇంకో రంగు చూసి ఇంకో వీధి అంది. పసుపు పూస్తామంటే దానికీ ఒప్పుకోలేదు. నాయన విసిగిపోయి, "ఏ రంగూ వద్దుపోండి" అని పదహారూ తెల్లతాళ్లే కట్టించాడు.

కుడిజట్టులో మా అన్న ఉన్నాడు. ఇరవై రెండేండ్లు, ఒట్టి కోపిష్టి. మీది వీధి పెద్దాయన వెంట జీపులో తిరిగేవాడు. ఎడమజట్టులో నాయనకు ప్రాణమైన శిష్యుడొకడు ఉండేవాడు. అతనికి పెళ్లై ఆర్నెల్లైనా ఊళ్లో అందరూ ఇంకా పెండ్లికొడుకనే పిలిచేవాళ్లు. కాలు వేస్తే నేలకు కూడా తెలియదు అనేవాడు నాయన. కానీ ఆ పెండ్లికొడుకు అన్న జమ్మలమడుగులో కింది వీధి నాయకుడి దగ్గర పనిచేసేవాడు. ఏం పని అని ఎవరూ అడిగేవాళ్లు కాదు.

తిరునాల రోజు పొద్దున ఎనిమిదింటికి మా వీధిలో పెద్దమ్మ గుడి ముందు జడ మొదలైంది. కింది వీధి నుంచి తాడు పట్టే ఎనిమిది మందే వచ్చారు, మిగతావాళ్లు వాళ్ల వీధిలోనే ఉండిపోయారు. మా వీధి ఆడవాళ్లమంతా గుడి అరుగు పక్కన నిలబడ్డాము. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. మూడేండ్లుగా ముఖాలు చూసుకోనివాళ్లు కోలకు కోల తాకిస్తూ తిరుగుతున్నారు. మొదట ఒక్కొక్క దెబ్బా గట్టిగా పడింది. రెండు పాటలయ్యేసరికి చేతులు మెత్తబడ్డాయి. పెండ్లికొడుకు మా అన్నకు ఎదురైనప్పుడు ఏదో అన్నాడు, మా అన్న నవ్వాడు. నాకు నమ్మకం కలిగింది. అమ్మకు మాత్రం కలగలేదు, నా చెయ్యి వదల్లేదు.

జడ సగానికి దిగిన వేళకు వీధి చివర మోటార్ సైకిల్ ఆగింది. దిగినవాడు మీది వీధివాడే, జమ్మలమడుగు నుంచి వచ్చాడు. చొక్కా మీద నెత్తురు మరకలు. నేరుగా పెద్దాయన దగ్గరికి పోయి చెవిలో చెప్పాడు. మేము పక్కనే ఉన్నాము కాబట్టి ముక్కలు ముక్కలుగా వినపడింది. బస్టాండు దగ్గర పెద్దాయన బామ్మర్దిని నరికారు. బతికాడో లేదో తెలియదు. నరికిన వాళ్లలో పెండ్లికొడుకు అన్న ఉన్నాడు.

రాజీ అని నమ్మి కింది వీధివాళ్లు ఎనిమిది మంది ఉత్త చేతులతో మా వీధి నడుమ తిరుగుతున్నారు. పాట అయిపోతే, ఉచ్చులు తీస్తే, ఇంక అంతే. పెద్దాయన గడ్డివామి వైపు చూసి ఇద్దరికి కనుసైగ చేశాడు. ఆ వామిలో ఏముందో మా వీధిలో పసిపిల్లలకు కూడా తెలుసు. తర్వాత వలయంలో ఉన్న మా అన్న వైపు చూశాడు. మా అన్న ఆ చూపు అందుకున్నాడు. నవ్వు పోయింది. కోల పట్టుకున్న చెయ్యి బిగిసింది. నరికేవాళ్లలో మా అన్న ఉంటాడు, నరికించుకునేవాడు పెండ్లికొడుకు. రెండూ మా ఇంటికే తగిలే దెబ్బలు.

నాయన వలయం నడుమ తాళాలు వాయిస్తూ పాడుతున్నాడు. ఆయన కళ్లు మోటార్ సైకిల్ మీద, చొక్కా మీద, పెద్దాయన మీద, గడ్డివామి మీద తిరిగాయి. పాట ఆగలేదు. ఒక్క చరణం పాడి గట్టిగా పిలిచాడు:

"కుడిజట్టు, తిరుగు!"

నేను ఉలిక్కిపడ్డాను. సగం జడలో తిరుగు లేదు. ఒక్క జట్టును తిప్పే పిలుపు అసలే లేదు. కుడిజట్టు నలభై దినాలు ఆయన నోటి మాటకు అలవాటు పడిన జట్టు, ఆలోచించకుండా తిరిగేసింది. ఎడమజట్టు ముందుకే పోతోంది. ఎదురెదురుగా రావలసినవాళ్లు ఒకరి వెనక ఒకరు పడ్డారు. లోపలికి ఎవరు దూరాలో, బయటికి ఎవరు పోవాలో తెలియక ఒకరినొకరు గుద్దుకున్నారు. ఎవరో ఆగబోతే నాయన "ఆగొద్దండి, ఆగొద్దు!" అంటూ తాళాలు ఇంకా జోరుగా వాయించాడు. నాలుగు చుట్లు తిరిగేసరికి పదహారు తాళ్లూ పీటముడి పడి, పదహారు మందినీ గుంజల నడుమకు లాగేశాయి. మా అన్న వీపు పెండ్లికొడుకు వీపుకు ఆనుకుంది.

ముందు జనం నవ్వారు. తర్వాత తిట్లు మొదలయ్యాయి.

"ఏంది గురువా, మతి పోయిందా?"

"ముసిలోడైపోయినాడప్పా, ఇంగ ఇంట్లో కూచోమను!"

నాయన చేతులు జోడించాడు. "తప్పు పిలిచినా. పెద్దమ్మ తల్లి సాక్షి, తప్పు నాదే. ఎవరూ ఉచ్చు తీయొద్దండి. ఒక్కొక్క తాడే విప్పుకుంటా వస్తా."

పెద్దాయన ముందుకొచ్చి పళ్లు కొరికాడు. "తాళ్లు వదిలేయండిరా! అవతల పనుండాది!"

అప్పుడు పెద్దాయన తల్లి, నడుము వంగిన ముసలమ్మ, అరుగు మీద నుంచి కొడుకు మీదికి లేచింది. "నోరు ముయ్యిరా! నీ కొడుకు చేతిలో గూడా తాడుండాది. వాడు వదిలితే మన కొంప ఏమైతాది? పెద్దమ్మతో ఆటలా?" పెద్దాయన వెనక్కి తగ్గాడు. గడ్డివామి దగ్గరికి పోయినవాళ్లు అక్కడే నిలబడిపోయారు.

నాయన నన్ను కేకేశాడు, నీళ్లు తెమ్మని. చెంబు తీసుకుపోయాను. ఆయన తాగుతున్నట్టు తల వంచి, నాకొక్కదానికే వినపడేటట్టు అన్నాడు: "అమ్మీ, కింది వీధికి పో. పెండ్లికొడుకు పెండ్లానికి చెప్పు. ఆడోళ్లనంతా పిలుచుకొని ఈడికి రమ్మను. ట్రాక్టర్ గూడా తెమ్మను. పరిగెత్తొద్దు, నడిచి పో."

నడిచి పోవడమంటే ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. వాళ్ల కళ్లం దాకా కుండలు మోశాను గానీ, మూడేండ్లుగా నేను కింది వీధి లోపల కాలు పెట్టలేదు. వెనక నుంచి ఎవరైనా "యాడికే పోతాండావు?" అంటే ఏం చెప్పాలో తెలియలేదు. ఆ ఇల్లు దొరికింది. తలుపు తీసిన పిల్ల నాకంటే రెండేండ్లు పెద్దది, కాళ్లకు తిరునాలకని పెట్టుకున్న పారాణి. చెప్పాను. ఆమె ఏడవలేదు. "నిన్నెవరు పంపినారు?" అంది. "మా నాయన" అన్నాను. నా ముఖంలోకి ఒక్కసారి చూసి, చెప్పులు కూడా వేసుకోకుండా ఇల్లిల్లూ తట్టడానికి పోయింది.

తెల్లతాళ్లలో ఏది ఎవరిదో కనుక్కోవడం బ్రహ్మతరం కాదు. నాయన ఒక తాడు పట్టుకొని పైదాకా చూసేవాడు, ఇది కాదనేవాడు, ఇంకోటి పట్టుకునేవాడు. ఒక్క ముడికి అర్ధగంట. ఎండ నెత్తి మీదికొచ్చింది. కింది వీధి ఆడవాళ్లు ముప్పై నలభై మంది పిల్లలను చంకనేసుకొని వచ్చి వలయం చుట్టూ కూర్చున్నారు. మా వీధి ఆడవాళ్లు వాళ్లకు నీళ్లిచ్చారు, ఇంతమంది ఆడవాళ్ల నడుమ కొడవలి తీయడానికి మగవాళ్లకు దారి లేకపోయింది. నేను మాత్రం నాయన చేతులనే చూస్తున్నాను. ముడి ఒకటి విడిపోతుంటే సంతోషపడాలో భయపడాలో అర్థం కాలేదు. అన్నీ విడిపోతే ఎట్లా? నేను మొక్కుకోవడం మొదలుపెట్టాను, ముడి విడకూడదని. అమ్మవారు ఎంత విసుక్కుందో.

మూడు తాళ్లు మిగిలుండగా పోలీసు జీపు వచ్చింది. జమ్మలమడుగులో జరిగినదానికి బందోబస్తు కోసం ఊరూరికీ పంపారట. వాళ్లే చెప్పారు, పెద్దాయన బామ్మర్ది బతికాడని, భుజానికి కుట్లు వేశారని. పెద్దాయన నేల మీద కూలబడి రెండు చేతులతో ముఖం మూసుకున్నాడు. నాయన ఆ మూడు తాళ్లూ క్షణంలో విప్పేశాడు. నేను కళ్లారా చూశాను, క్షణంలో! కింది వీధివాళ్లు ఎనిమిది మంది ఆడవాళ్ల నడుమ ట్రాక్టర్ ఎక్కి, జీపు వెంట ఊరు దాటారు. ఆ రోజు మా ఊళ్లో ఎవరూ చావలేదు.

ఆ రాత్రి అన్నం ముందు అన్న అడిగాడు: "నాయనా, నువ్వు కావాలనే పిలిచినావు గదా?"

నాయన ముద్ద మింగి, "తప్పు పిలిచినా. గురువన్నాక తప్పు పిలవడా?" అన్నాడు.

ఇంకేమనగలడు? కావాలనే అంటే మీది వీధిలో మా ఇల్లు నిలబడేది కాదు. నేను కింది వీధికి పోయిన సంగతి అమ్మకు కూడా చెప్పలేదు. కర్ర విరగకూడదు, పాము చావకూడదు, మా నాయన లెక్క అట్లా ఉండేది. కానీ ఆయన పేరు చచ్చిపోయింది. అమ్మవారి ముందు జడ తప్పిన గురువు అన్నారు. మరుసటి ఏడు ఏ ఊరి నుంచీ మనిషి రాలేదు. ఎదురు చూశాడు పాపం, మాఘమాసం నుంచి ఉగాది దాకా వాకిట్లోనే కూర్చున్నాడు. తర్వాత కోలలూ తాళాలూ మూటగట్టి అటక మీద పెట్టేశాడు.

నన్ను ప్రొద్దుటూరులో ఇచ్చారు. పెళ్లైన నాలుగో ఏట కబురొచ్చింది, పెండ్లికొడుకును పులివెందుల దారిలో చంపేశారని. మా ఊరివాళ్లు కాదు, ఇంకెవరో, ఇంకేదో పాత పగ. కబురు విన్నాక నాకు ఏడుపు కంటే ముందు కోపమొచ్చింది. ఊరికి పోయి నాయన మీద అరిచాను. "నీ విద్య పోయింది, పేరు పోయింది. ఎవరి కోసం? ఆయప్ప ఐదేండ్లకే పాయె! ఏం మిగిలింది నీకు?" నాయన చేనికి పోయి పొద్దుగూకినా రాలేదు. ఆ మాట అన్నందుకు నన్ను నేను ఈ రోజుకూ క్షమించుకోలేదు.

తర్వాత ఏండ్లు గడిచేకొద్దీ నాకు ఇంకో బెంగ. నాకు అడుగులు తెలుసు, పిలుపులు కొన్నే తెలుసు, విప్పే పాట సగమే వచ్చు. మిగతా సగం నాయన తలలో ఉంది, నాయనకు అరవై దాటాయి. కన్ను ఆపరేషన్ కోసం మా ఇంటికి తెచ్చుకున్నప్పుడు నోటుబుక్కు పట్టుకొని కూర్చున్నాను. "నాకు మతి లేదమ్మీ" అన్నాడు. రెండో రోజూ అదే మాట. మూడో రోజు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ గోడను చూస్తూ నేను నోటుబుక్కు విసిరికొట్టాను.

వారం గడిచాక ఒకామె మా వాకిట్లో నిలబడింది, పక్కన ఒక ఆడపిల్ల. పెండ్లికొడుకు పెండ్లాం. నేను గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. ప్రొద్దుటూరులోనే బట్టలు కుట్టుకొని బతుకుతోందట, నాయన వచ్చాడని విని వచ్చింది. లోపలికి వచ్చి నాయన కాళ్లు ముట్టుకుంది. ఎవరో చెప్పాను. నాయన కంటి కట్టు సవరించుకొని లేచి కూర్చున్నాడు, "నీ మొగుణ్ణి నిలబెట్టలేకపోతి తల్లీ" అన్నాడు.

"గురువా, ఊరంతా నువ్వు తప్పు పిలిచినావనె. నాకు తెలుసు, నీ బిడ్డ వచ్చి చెప్పింది గదా. బయటికంటే మీకు ముప్పని ఇన్నేండ్లు నోరు మూసుకుంటి." ఆమె పిల్లను ముందుకు తోసింది. "ఆ పొద్దు జరిగినాక మూడో ఏడు పుట్టింది ఈ పిల్ల. ఆయప్ప దీన్ని రెండేండ్లు ఎత్తుకొని తిరిగినాడు. కాళ్లు మాత్రం అచ్చం ఆయప్పవే, యాడా నిలబడవు. దీనికి నేర్పించు."

నాయన చాలాసేపు ఆ పిల్ల కాళ్లనే చూశాడు. ఒక కన్నుకు కట్టు, ఇంకో కంట్లో నీళ్లు.

"ఎన్నేండ్లే నీకు?"

"తొమ్మిది."

నాయన గోడ పట్టుకొని లేచాడు. "అమ్మీ, ఈ మంచం అవతలికి జరుపు, పిల్లకు తావు చాలదు" అన్నాడు. నేను జరుపుతుంటే మళ్లీ అన్నాడు, "నువ్వూ వచ్చి దాని ఎదురుగా నిలబడు. కుండలు వద్దులే."